జన్యు సంకరణాలు: సంతాన లక్షణాలను ముందుగా అంచనా వేయడం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు:

- ఏకసంకరణానికి పన్నెట్ చదరం గీసి, సంతానంలో ఏ లక్షణం ఏ నిష్పత్తిలో కనబడుతుందో చెప్పడం.
- పరీక్షా సంకరణం ఎందుకు చేస్తారో, మనుషుల విషయంలో దాని బదులు ఏం చేస్తారో వివరించడం.
- లింగ నిర్ధారణను, లింగ సహలగ్న లక్షణాల సంక్రమణను చదరం ద్వారా చూపడం.
- తలసీమియా వంటి అంతర్గత వ్యాధి ఒక కుటుంబంలో మళ్ళీ వచ్చే అవకాశాన్ని లెక్కగట్టడం.

1. పరిచయం

సంబంధం కలుపుకునే ముందు అటేడు తరాలు, ఇటేడు తరాలు చూడాలని మన పెద్దలు అంటారు. తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు ఏదో వస్తుందనీ, కొన్నిసార్లు అది ఒక తరంలో కనబడకుండా దాగి ఆ తరువాతి తరంలో బయటపడుతుందనీ వారు గమనించారు కాబట్టే ఆ మాట పుట్టింది. వచ్చేది ఏమిటి, దాగేది ఎట్లా, మళ్ళీ బయటపడే అవకాశం ఎంత అనే ప్రశ్నలకు మాత్రం వారి దగ్గర లెక్క లేదు. ఆ లెక్కను ఇచ్చింది జన్యుశాస్త్రం.

లెక్క పెద్దది కాదు. రూపాయి నాణెం ఎగరేస్తే బొమ్మ పడే అవకాశం ఎంతో చెప్పగలిగినవారు దీన్ని కూడా చేయగలరు. అయితే ఆ లెక్క ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలుసుకోవడంలోనే చాలామంది పొరబడతారు. అందువల్ల ఈ పాఠంలో సూత్రాలను కడప జిల్లాలోని మూడు ఊళ్ళకు తీసుకువెళ్ళి చూద్దాం. జమ్మలమడుగులో ఒక కోళ్ళ పెంపకందారు, ప్రొద్దుటూరులో ఉద్యోగానికి దరఖాస్తు చేసుకున్న ఒక యువకుడు, పులివెందులలో మేనరికం ఆలోచిస్తున్న ఒక కుటుంబం మన ఉదాహరణలు. ఈ ముగ్గురినీ పాఠం కోసం కల్పించాం. వారికి ఎదురైన ప్రశ్నలు మాత్రం నిజమైనవి.

2. మెండెల్ చూపిన దారి

గ్రెగర్ మెండెల్ బ్రున్ నగరంలోని ఒక మఠంలో ఉండేవాడు. ఆ నగరం నేటి చెక్ దేశంలో ఉంది, ఇప్పటి పేరు బ్రనో. 1856 నుంచి 1863 వరకు అతడు బఠానీ మొక్కల మీద ప్రయోగాలు చేశాడు. 1865లో ఫలితాలను చదివి వినిపించాడు, 1866లో ప్రచురించాడు. పట్టించుకున్నవారు తక్కువ. 1900లో డీవ్రీస్, కారెన్స్, షెర్మాక్ అనే ముగ్గురు శాస్త్రవేత్తల కృషితో ఆ ఫలితాలు మళ్ళీ వెలుగులోకి వచ్చాయి.

మెండెల్ శుద్ధమైన పొడుగు మొక్కను శుద్ధమైన పొట్టి మొక్కతో సంకరణం చేశాడు. మొదటి సంతాన తరం, అంటే ఎఫ్1 తరం, అంతా పొడుగే. పొట్టితనం పూర్తిగా మాయమైనట్లు కనబడింది. ఆ ఎఫ్1 మొక్కలను ఆత్మపరాగ సంపర్కానికి వదిలినప్పుడు రెండవ తరంలో 787 పొడుగు మొక్కలు, 277 పొట్టి మొక్కలు వచ్చాయి. భాగించి చూడండి: 2.84 కు 1. గింజల రంగు విషయంలో 6,022 పసుపు, 2,001 ఆకుపచ్చ వచ్చాయి. అక్కడ నిష్పత్తి 3.01 కు 1. ఏ లక్షణం తీసుకున్నా దాదాపు 3:1 నిష్పత్తే.

దీని నుంచి మెండెల్ తీసిన అర్థం ఇది. ప్రతి లక్షణానికీ ఒక్కో మొక్కలో రెండు కారకాలు ఉంటాయి. ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తుంది. ఈ కారకాలనే నేడు జన్యువులు అంటున్నాం. ఒకే జన్యువుకు ఉండే వేర్వేరు రూపాలను యుగ్మవికల్పాలు అంటాం. రెండు వేర్వేరు రూపాలు ఒకే చోట కలిసినప్పుడు పైకి కనబడేది బహిర్గతం, కనబడకుండా ఉండేది అంతర్గతం. సంయోగబీజాలు ఏర్పడేటప్పుడు ఆ రెండూ విడిపోయి, ఒక్కో సంయోగబీజంలోకి ఒక్కటి మాత్రమే చేరుతుంది. ఇదే పృథక్కరణ సూత్రం. అంతర్గత లక్షణం దాగి ఉన్నా చెక్కుచెదరదు. తోడు దొరికినప్పుడు తిరిగి బయటపడుతుంది.

మరి రెండు పదాలు గుర్తుంచుకోండి. రెండు యుగ్మవికల్పాలూ ఒకటే అయితే ఆ జీవి సమయుగ్మజం, వేరైతే విషమయుగ్మజం. కంటికి కనబడేది దృశ్యరూపం. లోపల ఉన్న యుగ్మవికల్పాల జత జన్యురూపం. దృశ్యరూపం చూసి జన్యురూపాన్ని అన్నిసార్లూ చెప్పలేం. ఈ పాఠంలోని చిక్కంతా ఇక్కడే ఉంది.

3. పన్నెట్ చదరం

ఇంగ్లండుకు చెందిన రెజినాల్డ్ పన్నెట్ అనే జన్యుశాస్త్రవేత్త ఈ లెక్కను ఒక చదరంగా గీసే పద్ధతి చూపాడు. గీసే క్రమం ఇది:

- ముందు తల్లిదండ్రుల జన్యురూపాలు రాయండి.
- ఒక్కొక్కరి నుంచి ఎన్ని రకాల సంయోగబీజాలు రాగలవో రాయండి.
- తండ్రివి పై వరుసలో, తల్లివి ఎడమ పక్కన పెట్టండి.
- ప్రతి గడిలో రెండింటినీ కలపండి.

పొడుగు యుగ్మవికల్పాన్ని ‘పొ’ అనీ, మరుగుజ్జు యుగ్మవికల్పాన్ని ‘మ’ అనీ అనుకుందాం. ఎఫ్1 మొక్కలన్నీ ‘పొ మ’. వాటి మధ్య సంకరణం ఇలా ఉంటుంది:

| | పొ | మ |
|---|---|---|
| పొ | పొ పొ | పొ మ |
| మ | పొ మ | మ మ |

నాలుగు గడుల్లో మూడు పొడుగు, ఒకటి పొట్టి. కాబట్టి దృశ్యరూప నిష్పత్తి 3:1. జన్యురూపాలు చూస్తే ఒకటి ‘పొ పొ’, రెండు ‘పొ మ’, ఒకటి ‘మ మ’. జన్యురూప నిష్పత్తి 1:2:1.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఎఫ్2 తరంలోని ఒక పొడుగు మొక్కను మీ చేతికి ఇచ్చారు. అది విషమయుగ్మజం అయ్యే అవకాశం ఎంత? సగం అని చాలామంది రాస్తారు. అది తప్పు. పొట్టి గడిని ముందే కొట్టివేశాం కదా, మిగిలినవి మూడు పొడుగు గడులు. వాటిలో రెండు విషమయుగ్మజాలు. కాబట్టి అవకాశం 2/3. మెండెల్ దీన్ని కూడా పరీక్షించాడు. 100 పొడుగు ఎఫ్2 మొక్కల సంతానాన్ని పెంచి చూస్తే, 28 మొక్కల సంతానం అంతా పొడుగుగానే వచ్చింది. 72 మొక్కల సంతానంలో మాత్రం పొట్టివి కూడా వచ్చాయి. ఈ మూడింట రెండు అనే సంఖ్యను జాగ్రత్తగా పెట్టుకోండి. పులివెందుల కుటుంబానికి ఇదే పనికొస్తుంది.

మరొక మాట. బహిర్గత, అంతర్గత సంబంధం అన్ని జన్యువులకూ ఇంత స్పష్టంగా ఉండదు. మన పెరళ్ళలో సాయంత్రం పూట విచ్చుకునే చంద్రకాంత మొక్కల్లో ఎరుపు, తెలుపు పూల మొక్కలను సంకరణం చేస్తే ఎఫ్1లో గులాబీ రంగు వస్తుంది. ఎఫ్2లో ఎరుపు, గులాబీ, తెలుపు 1:2:1 నిష్పత్తిలో వస్తాయి. దీన్ని అసంపూర్ణ బహిర్గతత్వం అంటాం. ఇక్కడ దృశ్యరూపమే జన్యురూపాన్ని చెప్పేస్తుంది. చదరం గీసే పద్ధతి మాత్రం మారదు.

4. పరీక్షా సంకరణం: జమ్మలమడుగులో ఒక పుంజు

జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెలో ఒకాయన అసీల్ పుంజును కొన్నాడు అనుకుందాం. అసీల్ కోళ్ళ తలమీద ఉండే ఎర్రని తురాయి పొట్టిగా, మూడు వరుసల చిన్న బుడిపెలతో ఉంటుంది. దీన్ని బఠానీ తురాయి అంటారు. మామూలు నాటుకోళ్ళలో తరచుగా కనిపించేది రంపపు పళ్ళలాగా నిలబడే ఒంటి తురాయి. 1902 నాటికే విలియం బేట్సన్ ఇంగ్లండులో కోళ్ళ తురాయిల మీద ప్రయోగాలు చేసి, మెండెల్ సూత్రాలు జంతువులకు కూడా వర్తిస్తాయని చూపాడు. ఒంటి తురాయి మీద బఠానీ తురాయి బహిర్గతం. బఠానీ తురాయి యుగ్మవికల్పం ‘బ’, ఒంటి తురాయి యుగ్మవికల్పం ‘ఒ’ అనుకుందాం.

అమ్మినవాడు “ఇది అచ్చమైన జాతి పుంజు” అన్నాడు. తురాయి చూస్తే బఠానీ తురాయే. కానీ ‘బ బ’ అయినా, ‘బ ఒ’ అయినా పుంజు బఠానీ తురాయితోనే ఉంటుంది. ఈ ఒక్క లక్షణం వరకైనా అది శుద్ధమో కాదో ఎట్లా తెలుసుకోవాలి?

ఒంటి తురాయి పెట్టలతో కలపాలి. పెట్టలు తప్పనిసరిగా ‘ఒ ఒ’, ఎందుకంటే అంతర్గత లక్షణం పైకి కనబడాలంటే రెండూ అవే ఉండాలి. ఇట్లా జన్యురూపం తెలియని జీవిని అంతర్గత సమయుగ్మజంతో కలపడాన్ని పరీక్షా సంకరణం అంటారు.

- పుంజు ‘బ బ’ అయితే పిల్లలన్నీ ‘బ ఒ’. అన్నిటికీ బఠానీ తురాయే.
- పుంజు ‘బ ఒ’ అయితే పిల్లల్లో సగం ‘బ ఒ’, సగం ‘ఒ ఒ’. నిష్పత్తి 1:1.

ఒక్క పిల్ల ఒంటి తురాయితో వచ్చినా తీర్పు ఖాయం, పుంజు శుద్ధం కాదు. ఒక్కటీ రాకపోతే? అక్కడ తొందరపడకూడదు. రెండు పిల్లలే పుట్టి, రెండింటికీ బఠానీ తురాయి ఉందనుకోండి. పుంజు విషమయుగ్మజం అయినా అట్లా జరిగే అవకాశం 1/2 × 1/2 = 1/4. అది చిన్న అవకాశం కాదు. ఎనిమిది పిల్లలు పుట్టి అన్నీ బఠానీ తురాయితోనే ఉంటే, విషమయుగ్మజం నుంచి అట్లా వచ్చే అవకాశం 1/256. అప్పుడు అమ్మినవాడి మాటను దాదాపు నమ్మవచ్చు.

ఇందులో రెండు పాఠాలున్నాయి. చదరం చెప్పే నిష్పత్తి పెద్ద సంఖ్యలలో కనబడుతుంది, చిన్న సంఖ్యలలో అటూ ఇటూ అవుతుంది. రెండవది, ‘రాలేదు’ అంటే ‘లేదు’ అని అర్థం కాదు. ఈ రెండింటినీ మనుషుల విషయంలో మరచిపోవడం వల్లనే కుటుంబాలు దెబ్బ తింటున్నాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

అ) ‘పొ మ’ మొక్కను ‘మ మ’ మొక్కతో సంకరణం చేస్తే నిష్పత్తి ఎంత?
ఆ) పై పుంజుకు నాలుగు పిల్లలు పుట్టి అన్నిటికీ బఠానీ తురాయి ఉంటే, అది విషమయుగ్మజమై ఉండి కూడా అట్లా జరిగే అవకాశం ఎంత?

5. మనుషుల్లో సంక్రమణ: ప్రొద్దుటూరు యువకుడు

మనుషుల్లో పరీక్షా సంకరణం చేయలేం. ఒక తరం మారడానికి పాతికేళ్ళు పడుతుంది, సంతానం తక్కువ. అందుకని శాస్త్రవేత్తలు ఇప్పటికే జరిగిన పెళ్ళిళ్ళను, పుట్టిన పిల్లలను వంశవృక్షంగా గీసి చదువుతారు. మన ప్రాంతానికి ఇందులో ఒక చరిత్ర ఉంది. ప్రఖ్యాత జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థకు వచ్చాడు. అతడి శిష్యుడు, పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు 1960ల తొలి సంవత్సరాల్లో ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహాలను అధ్యయనం చేసి ఫలితాలను ప్రచురించాడు.

వంశవృక్షం చదవడానికి ముందు లింగ నిర్ధారణను చూద్దాం. స్త్రీలో రెండు ఎక్స్ క్రోమోసోములు ఉంటాయి. పురుషుడిలో ఒక ఎక్స్, ఒక వై ఉంటాయి.

| | ఎక్స్ | వై |
|---|---|---|
| ఎక్స్ | ఆడపిల్ల | మగపిల్లవాడు |
| ఎక్స్ | ఆడపిల్ల | మగపిల్లవాడు |

తల్లి ఇచ్చేది ఎప్పుడూ ఎక్స్ మాత్రమే. బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి వీర్యకణంలో ఎక్స్ ఉందా, వై ఉందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్రతి కాన్పులో అవకాశం దాదాపు సగం. ముగ్గురు ఆడపిల్లలు పుట్టారని కోడలిని నిందించేవారికి ఈ చదరాన్ని గీసి చూపండి. తండ్రిని నిందించడానికి కూడా ఇందులో ఏమీ లేదు, ఏ వీర్యకణం ముందు చేరుతుందో ఎవరి చేతిలోనూ లేదు. గర్భంలో బిడ్డ ఆడో మగో చెప్పడం 1994 నాటి చట్టం ప్రకారం నేరమని కూడా మీరు తెలుసుకోవాలి.

ఇక ప్రొద్దుటూరు యువకుడి సంగతి. అతడు రైల్వేలో రైలు నడిపే ఉద్యోగానికి దరఖాస్తు చేశాడు. రాతపరీక్ష నెగ్గాడు. కంటిపరీక్షలో ఎరుపు, ఆకుపచ్చ రంగులను సరిగా వేరుచేయలేడని తేలింది. సిగ్నళ్ళ రంగులు చూసి బండి నడపాలి కాబట్టి ఆ ఉద్యోగం రాలేదు. “మా అమ్మకు, నాన్నకు లేనిది నాకెట్లా వచ్చింది?” అని అతడు అడిగాడు.

ఎరుపు, ఆకుపచ్చ వర్ణాంధత్వానికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోసోము మీద ఉంటుంది. అది అంతర్గతం. దాన్ని మోసే ఎక్స్‌ను ‘ఎక్స్-వ’ అని రాద్దాం. తల్లిలో ఒక ఎక్స్, ఒక ఎక్స్-వ ఉంటే ఆమె చూపు మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే మంచి యుగ్మవికల్పం ఒకటి ఉంది. ఆమె వాహకురాలు. కొడుకుకు ఆమె నుంచి ఎక్స్-వ వస్తే, తండ్రి నుంచి వచ్చేది వై కాబట్టి దాన్ని కప్పిపుచ్చేది ఏదీ లేదు. లక్షణం బయటపడుతుంది.

| | ఎక్స్ | వై |
|---|---|---|
| ఎక్స్ | మామూలు కూతురు | మామూలు కొడుకు |
| ఎక్స్-వ | వాహక కూతురు | వర్ణాంధత్వం ఉన్న కొడుకు |

కొడుకుల్లో సగం మందికి వచ్చే అవకాశం ఉంది. ఆ యువకుడి తల్లి తరఫు తాతకు రంగుల తేడా తెలిసేదా అని అడిగితే చాలాసార్లు జవాబు దొరుకుతుంది. తాత నుంచి కూతురికి, ఆమె నుంచి మనుమడికి ఈ లక్షణం నడుస్తుంది. తండ్రి నుంచి కొడుకుకు మాత్రం రాదు. కాబట్టి అతడి తమ్ముడు ఇలాంటి ఉద్యోగానికి సిద్ధమవుతుంటే ముందే కంటిపరీక్ష చేయించుకోవడం మేలు. అతడికి ఉండే అవకాశం 1/2. రెండేళ్ళ చదువు, కోచింగ్ ఖర్చు పోయిన తరువాత తెలుసుకోవడం కంటే ఇది మంచిది.

6. పులివెందుల కుటుంబం: తలసీమియా, మేనరికం

ఎర్ర రక్తకణాల్లోని హీమోగ్లోబిన్‌లో ఒక భాగమైన బీటా గొలుసును తయారుచేసే జన్యువు 11వ క్రోమోసోము మీద ఉంటుంది. ఆ జన్యువు దెబ్బతిన్న రూపాన్ని ‘త’ అనీ, ఆరోగ్యకరమైన రూపాన్ని ‘ఆ’ అనీ అనుకుందాం. ‘ఆ త’ ఉన్నవారు వాహకులు. వారు రోగులు కారు. కొద్దిగా రక్తం తక్కువగా ఉండవచ్చు, అంతకు మించి ఏమీ తెలియదు. ‘త త’ ఉన్న బిడ్డకు బీటా తలసీమియా మేజర్ వస్తుంది. సాధారణంగా మొదటి రెండేళ్ళలోనే బిడ్డ పాలిపోయి, ఎదుగుదల తగ్గుతుంది. తరువాత 2 నుంచి 4 వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకోకుండా జీవితాంతం మందులు వాడాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం తలసీమియాను వైకల్యాల జాబితాలో చేర్చింది. భారతదేశంలో సగటున నూటికి ముగ్గురు నలుగురు ఈ జన్యువుకు వాహకులు.

ఇద్దరు వాహకులకు పెళ్ళి అయితే చదరం ఇది:

| | ఆ | త |
|---|---|---|
| ఆ | ఆ ఆ | ఆ త |
| త | ఆ త | త త |

ప్రతి కాన్పులో బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 1/4, వాహకం అయ్యే అవకాశం 1/2, రెండూ లేని అవకాశం 1/4. ‘ప్రతి కాన్పులో’ అన్న మాట కింద గీత గీసుకోండి. నాలుగు గడులు అంటే నలుగురు పిల్లలు కాదు. “మొదటి బిడ్డకు వచ్చింది, మా వంతు అయిపోయింది, ఇక ముగ్గురు బాగుంటారు” అనుకోవడం ప్రమాదం. నాణేనికి గత పందెం గుర్తుండదు, రెండవ కాన్పులోనూ అవకాశం అదే 1/4. అట్లాగే “ఇద్దరు పిల్లలు బాగున్నారు, మాకేం లేదు” అనడమూ తప్పే. ఇద్దరు వాహకులకు పుట్టిన ఇద్దరు పిల్లలకూ వ్యాధి రాని అవకాశం 3/4 × 3/4 = 9/16, అంటే సగానికి ఎక్కువే. జమ్మలమడుగు పుంజు దగ్గర చూసిన సంగతే ఇది.

ఇప్పుడు పులివెందుల కుటుంబం. ఒక అమ్మాయికి ఇరవై ఏళ్ళు. ఆమె తమ్ముడికి తలసీమియా మేజర్. నెలనెలా రక్తం కోసం తల్లిదండ్రులు తిరుగుతున్నారు. అమ్మాయిని ఆమె మేనమామకే ఇవ్వాలని అవ్వ పట్టుబట్టింది. ఎరిగిన ఇల్లు, పిల్ల కళ్ళెదుటే ఉంటుంది, ఆస్తి బయటకు పోదు అన్నది ఆమె మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళైన స్త్రీలలో సుమారు నాలుగోవంతు మంది బంధువులనే చేసుకున్నారు. కాబట్టి ఇది వింత కోరిక కాదు. అమ్మాయి అడుగుతున్నది ఒక్కటే: “నా తమ్ముడికి వచ్చింది నా బిడ్డకు వస్తుందా?”

మెట్టు మెట్టుగా లెక్క వేద్దాం.

మొదటి మెట్టు. తమ్ముడు ‘త త’. ఒక ‘త’ తల్లి నుంచి, ఒక ‘త’ తండ్రి నుంచి వచ్చాయి. కాబట్టి తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులే. ఇది అవకాశం కాదు, నిశ్చయం.

రెండవ మెట్టు. అమ్మాయికి వ్యాధి లేదు. చదరంలో ‘త త’ గడిని కొట్టివేయండి. మిగిలిన మూడింటిలో రెండు ‘ఆ త’. ఆమె వాహకురాలయ్యే అవకాశం 2/3. మెండెల్ పొడుగు మొక్కల లెక్కే ఇక్కడా వచ్చింది.

మూడవ మెట్టు. అమ్మాయి తల్లి వాహకురాలు. ఆ ‘త’ ఆమెకు అవ్వ నుంచో, తాత నుంచో వచ్చింది. వారిలో ఒకరే వాహకులనుకుంటే, వారి కొడుకైన మేనమామకు అది వచ్చి ఉండే అవకాశం 1/2.

నాలుగవ మెట్టు. ఇద్దరూ వాహకులైతేనే భయం. ఆ అవకాశం 2/3 × 1/2 = 1/3. అప్పుడు ప్రతి కాన్పులో బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 1/4. మొత్తం 1/3 × 1/4 = 1/12.

అదే అమ్మాయి చుట్టరికం లేని ఒకరిని చేసుకుంటే? అతడు వాహకుడయ్యే అవకాశాన్ని దేశ సగటు ప్రకారం సుమారు 1/30 అనుకుందాం. అప్పుడు లెక్క 2/3 × 1/30 × 1/4 = 1/180. అంటే మేనమామతో పెళ్ళిలో ప్రమాదం పదిహేను రెట్లు. మేనరికం కొత్తగా జబ్బును సృష్టించదు. ఒకే పెద్దల నుంచి వచ్చిన, దాగి ఉన్న యుగ్మవికల్పం రెండు వైపుల నుంచీ ఒకే బిడ్డలో కలిసే అవకాశాన్ని పెంచుతుంది. మేనమామ, మేనకోడలికి పుట్టిన బిడ్డలో ఏదైనా ఒక జన్యువుకు రెండు నకళ్ళూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 1/8. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్ళిలో అది 1/16.

ఇంతవరకు వచ్చి ఆగిపోతే లెక్క సగమే చేసినట్లు. 1/12 అన్న సంఖ్య మన అజ్ఞానపు కొలత. అమ్మాయి రక్తంలో ‘త’ ఉంటే ఉంది, లేకపోతే లేదు. అందులో మూడింట రెండు వంతులు అనేది ఏమీ లేదు. పరీక్షా సంకరణం చేయలేని చోట రక్తపరీక్ష ఆ పని చేస్తుంది. మొదట మామూలు రక్తకణాల లెక్క చేస్తారు. వాహకుల్లో ఎర్ర రక్తకణాలు సాధారణంగా చిన్నవిగా ఉంటాయి. తరువాత హెచ్.పి.ఎల్.సి. అనే పరీక్షతో హీమోగ్లోబిన్ ఏ2 ఎంత ఉందో చూస్తారు. అది సాధారణంగా 3.5 శాతానికి మించితే బీటా తలసీమియా వాహకత్వంగా భావిస్తారు. ఇనుము లోపం ఉన్నవారిలో ఈ సంఖ్య తగ్గి కనబడవచ్చు. అందువల్ల ఫలితాన్ని వైద్యుడే చదవాలి.

పరీక్ష తరువాత చదరం మారిపోతుంది:

- ఇద్దరూ వాహకులు కాకపోతే, వ్యాధి వచ్చే అవకాశం దాదాపు లేదు.
- ఒకరే వాహకులైతే, బిడ్డలు సగం మంది వాహకులు కావచ్చు. వ్యాధి మాత్రం రాదు.
- ఇద్దరూ వాహకులైతే, ప్రతి కాన్పులో 1/4.

1/12 ఉన్న చోట ఇప్పుడు సున్నా కానీ, నాలుగోవంతు కానీ ఉంటుంది. ఒకరిని పరీక్షించి వాహకులు కాదని తేలితే, ఈ ప్రశ్నకు రెండవవారి పరీక్ష అవసరమే లేదు. అయితే ఎప్పుడూ అమ్మాయినే ముందు పరీక్షించి, వాహకురాలని తేలగానే సంబంధం వదులుకోవడం అన్యాయం, శాస్త్రవిరుద్ధం కూడా. చదరానికి రెండు వైపులుంటాయి. వాహకురాలైన అమ్మాయి వాహకుడు కాని అబ్బాయిని నిశ్చింతగా చేసుకోవచ్చు. చుట్టరికం లేదు కదా అని పరీక్ష మానుకోవడమూ సరికాదు. తరతరాలుగా ఒకే కులంలో పెళ్ళిళ్ళు జరిగే చోట, బంధుత్వం తెలియని ఇద్దరిలో కూడా ఒకే యుగ్మవికల్పం ఉండవచ్చు.

ఇద్దరూ వాహకులై, పెళ్ళి ఇప్పటికే అయిపోయి ఉంటే దారి మూసుకుపోలేదు. గర్భం దాల్చిన 11, 12 వారాల ప్రాంతంలో మాయ నుంచి చిన్న ముక్క తీసి డీఎన్ఏ పరీక్ష చేసి, బిడ్డ జన్యురూపం చెప్పగలరు. దీనికి ముందు తల్లిదండ్రుల ఉత్పరివర్తన ఏదో తెలిసి ఉండాలి. కాబట్టి గర్భానికి ముందే సలహాకు వెళ్ళాలి. హైదరాబాదులో 1998లో ఏర్పడిన తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ వంటి సంస్థలు రోగుల చికిత్సతో పాటు వాహకుల పరీక్ష మీద కూడా పనిచేస్తున్నాయి.

పులివెందుల అవ్వకు అమ్మాయి ఏం చెప్పాలి? “మామను చేసుకోను” అని చెప్పమని ఈ పాఠం చెప్పదు, “చేసుకో” అనీ చెప్పదు. “లగ్నం పెట్టే ముందు మామ, నేను ఇద్దరం రక్తం ఇచ్చి వస్తాం” అని చెప్పమంటుంది. ఆ తరువాతి నిర్ణయం ఆ కుటుంబానిది, అందులో మొదటి మాట ఆ అమ్మాయిది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2

ఇ) ఒకరి తల్లి తలసీమియా వాహకురాలు, తండ్రి వాహకుడు కాడని పరీక్షలో తేలింది. ఆ వ్యక్తి వాహకుడయ్యే అవకాశం ఎంత?
ఈ) ఇద్దరు వాహకులకు పుట్టిన మొదటి బిడ్డకు వ్యాధి ఉంది. రెండవ బిడ్డకు వచ్చే అవకాశం ఎంత?

7. చదరం పనిచేయని చోట్లు

ఒకే జన్యువు నిర్ణయించే లక్షణాలకు మాత్రమే ఈ లెక్క సూటిగా సరిపోతుంది. మనిషి ఎత్తు, ఒంటి రంగు వంటి వాటిలో అనేక జన్యువులు కలిసి పనిచేస్తాయి. మధుమేహం, రక్తపోటు విషయంలో జన్యువులతో పాటు తిండి, శ్రమ, పరిసరాలు కూడా లెక్కలోకి వస్తాయి. వీటికి నాలుగు గడుల చదరం గీసి జోస్యం చెప్పకూడదు.

వంశవృక్షం కూడా ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. చెవి అంచున వెంట్రుకలు పెరిగే లక్షణం తండ్రి నుంచి కొడుకులకు వస్తున్నట్లు ఆంధ్ర కుటుంబాలలో గమనించి, అది వై క్రోమోసోము మీది జన్యువు వల్లనని ద్రోణంరాజు కృష్ణారావు 1960లో ప్రతిపాదించాడు. చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో అదే ఉదాహరణ. 2004లో దక్షిణ భారత పురుషుల వై క్రోమోసోములను పరిశీలించిన అధ్యయనం ఆ అభిప్రాయాన్ని సమర్థించలేదు. పాత పుస్తకాల్లో ఈ ఉదాహరణ కనబడితే ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

8. సారాంశం

ప్రతి లక్షణానికీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు యుగ్మవికల్పాలు వస్తాయి. సంయోగబీజాల్లో అవి విడిపోతాయి. పన్నెట్ చదరం వాటి కలయికలను, వాటి అవకాశాలను చూపుతుంది. ఆ అవకాశం ప్రతి కాన్పుకూ విడిగా వర్తిస్తుంది, పిల్లల మధ్య వంతులుగా పంచబడదు. మొక్కల్లో, జంతువుల్లో దాగిన జన్యురూపాన్ని పరీక్షా సంకరణం బయటపెడుతుంది. మనుషుల్లో ఆ పనిని వంశవృక్షం కొంతవరకు, రక్తపరీక్ష చాలావరకు చేస్తాయి. సమాచారం పెరిగిన కొద్దీ లెక్క మారుతుంది. అంతర్గత వ్యాధికి ఎప్పుడూ ఇద్దరి నుంచీ చెరొకటి కావాలి కాబట్టి, ఒక్కరినే నిందించడానికి జన్యుశాస్త్రంలో చోటు లేదు.

9. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.

1. ఏకసంకరణాన్ని పన్నెట్ చదరంతో వివరించి, ఎఫ్2 తరంలో దృశ్యరూప, జన్యురూప నిష్పత్తులు ఎందుకు వేరుగా ఉంటాయో తెలపండి.
2. రక్తసంబంధ వివాహాల్లో అంతర్గత వ్యాధుల ప్రమాదం ఎందుకు పెరుగుతుందో తలసీమియా ఉదాహరణతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.

1. పరీక్షా సంకరణం అంటే ఏమిటి? ఎక్కువ సంతానాన్ని ఎందుకు పరిశీలించాలి?
2. వర్ణాంధత్వం తాత నుంచి మనుమడికి ఎట్లా సంక్రమిస్తుంది?
3. మీకు తెలిసిన ఒక కుటుంబంలో మూడు తరాల వంశవృక్షాన్ని, వారి అనుమతితో, పేర్లు రాయకుండా గీయండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు

అ) పొడుగు, పొట్టి 1:1.
ఆ) 1/2 × 1/2 × 1/2 × 1/2 = 1/16.
ఇ) 1/2.
ఈ) 1/4. మొదటి బిడ్డ ఫలితం రెండవ బిడ్డ అవకాశాన్ని మార్చదు.